రోజుకో చిన్న మాట

రెండక్షరాల మాటలు బాగా పట్టుబడితే అక్షరాల ఆటలో ఎంతటివాళ్లనైనా ఓడించవచ్చని నాకు ఆ వానాకాలంలోనే తెలిసింది. ఓడించాను కూడా. ఆ గెలుపు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గళ్ల అట్ట మీద అక్షరాల బిళ్లలు పేర్చాలి, అడ్డంగానో నిలువుగానో ఒక మాట కావాలి. మా వీధి చివర లైబ్రరీ మేడ మీద ఆదివారాలు పది బల్లలు వేసి ఆడేవాళ్లు. ఆ ఏడు వానాకాలం పొడుగునా పోటీలు పెట్టారు. నేనేమో రక్తపరీక్షల ల్యాబులో సీసాలకు పేర్ల చీటీలు అంటించేదాన్ని. ఒకరి పేరు ఇంకొకరి రక్తానికి అంటుకోకుండా వారమంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసినందుకు ఆదివారం ఒక్కపూటైనా కాస్త పొగరు చూపించుకుందామని నా ఆశ. పెద్ద పెద్ద మాటలు బాగానే వేసేదాన్ని. తీరా ఆట చివరికొచ్చి చేతిలో రెండు బిళ్లలు, అట్ట మూలన రెండు గళ్లు మిగిలేసరికి బిక్కమొహం వేసేదాన్ని.

దీనికి తోడు ఈల మాస్టారి నియమం ఒకటి. ఆయన డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు గానీ మెడలో ఈల మాత్రం రిటైరవలేదు. పోటీలు నడిపేది ఆయనే. ఎదుటివాళ్లు "అర్థం?" అని అడిగితే, మాట వేసినవాళ్లు లేచి నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే బిళ్లలు వెనక్కి. మాటలు బట్టీ పట్టి వచ్చినవాళ్లు ఆ నియమం దగ్గరే బోర్లా పడేవాళ్లు.

మొదటి ఆదివారం మందుల కొట్టాయన నా మీద "ఏవ" అని వేశాడు. నేను విరగబడి నవ్వి "అర్థం?" అన్నాను. ఆయన నింపాదిగా లేచి, "రోత. ఏవగింపు అంటాం చూడండి, అందులోదే" అని కూర్చున్నాడు. ఈల మోగింది. ఇంటికొచ్చి చెప్పులు ఒకటి తలుపుకీ ఒకటి గోడకీ తగిలేలా విడిచాను.

మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నారు. "ఏం వేశాడేమిటి?" అన్నారు, పేపరు దించకుండానే.

"ఏవట మామయ్యా, ఏవ. అసలలాంటి మాట ఉందా?"

"ఉంది. నేనే పేర్చాను."

మామయ్య కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలు పేర్చే రోజుల్లో నలభై ఏళ్లు ఆ పని చేశారు. అందులో నాలుగేళ్లు ఒక నిఘంటువుతోనే సరిపోయిందట. ఆయన లేచి, బీరువాలో బట్టల అడుగు నుంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీశారు. అంచులు సిరా మరకలతో నల్లబడ్డాయి. ప్రతి పేజీలో ఎడమవైపు ఒక చిన్న మాట, పక్కన దాని అర్థం, ఆ కింద "ఆమె" అని రాసి ఒక వాక్యం.

"ఆమె ఎవరు మామయ్యా?"

"మీ అత్తయ్య."

అత్తయ్యని నేను చూడలేదు. నేను ఈ ఇంటికి రావడానికి చాలా ఏళ్ల ముందే ఆవిడ పోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫొటో, అందులోనూ సరిగ్గా తీసే సమయానికి తల తిప్పింది కాబోలు, మొహం చెదిరిపోయింది.

"రోజూ ప్రెస్సు నుంచి ఒక చిన్న మాట జేబులో వేసుకుని వచ్చేవాణ్ణి," అన్నారు మామయ్య. "పడుకునేలోగా ఆ మాట పెట్టి ఆవిడ ఒక వాక్యం అనాలి. అదీ మా ఇద్దరి పందెం. కావాలని అంటే లెక్కలోకి రాదు, పనిలో పడి మాటల్లో మాటగా అనాలి. అనగానే నేను రాసుకునేవాణ్ణి. మూడొందల పన్నెండు మాటలు. ఒక్క రోజూ ఓడిపోలేదు మహాతల్లి."

నోటుబుక్కు నా చేతిలో పెట్టి, వెంటనే వదల్లేదు. "రాసుకుని ఇచ్చెయ్యమ్మా. దీనికి రెండోది లేదు," అన్నారు.

మొదటి నాలుగు రోజులు ఆ నోటుబుక్కు కింద పెట్టబుద్ధి కాలేదు. సోన అంటే సన్నటి వాన. ఆమె: "సోనే కదా, బట్టలు తియ్యక్కర్లేదన్నారు. రండి, ఇప్పుడు పిండండి." కవ అంటే జత. ఆమె: "చెప్పుల కవలో ఒకటి కుక్క ఎత్తుకుపోయింది. మిగిలినదాన్ని ఏమనాలో మీ నిఘంటువునే అడగండి." దొన అంటే కొండ మీద రాతిలో నీళ్లు నిలిచే గుంట. ఆమె: "స్నానాలగదిలో రోజూ దొన కడుతోంది. మేస్త్రీని పిలుస్తారా, నన్ను చేపలు పెంచుకోమంటారా?" చదివి పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఇలాంటి అత్తగారితో ఒక్క నెల కాపురం చేసినా నా నోటికి తాళం పడేది అనుకున్నాను.

నవ్వడం నవ్వానే గానీ, పోటీ మీద యావ ఇంకా పెద్దది. రెండో వారానికి వాక్యాలు దాటేసి మాటా అర్థమూ మాత్రమే చదవడం మొదలుపెట్టాను. బస్సులో చదివాను, ల్యాబులో సీసాల వెనక పెట్టుకుని చదివాను. పొద్దున్నే వంటింట్లో నేను కూరలు తరుగుతుంటే మామయ్య గడప దగ్గర నిలబడి పరీక్ష పెట్టేవారు.

"లేటి?"

"ఆడజింక."

"గమి?"

"గుంపు."

"గమి పెట్టి మీ అత్తయ్య ఏమందో చెప్పు."

"అది పోటీలో అడగరు మామయ్యా," అనేదాన్ని. ఆయన నవ్వి ఇంకో మాట అడిగేవారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన రోజూ ఆ గడప దగ్గరికి వచ్చి నిలబడింది ఆ ఒక్క ప్రశ్న కోసమే. నేను రోజూ దాన్ని పక్కకి తోసేశాను.

ఆదివారం వెంబడి ఆదివారం గెలిచాను. నలుగురు నా బల్ల చుట్టూ చేరడం మొదలైంది. ఒకరోజు ఆట అయ్యాక ఈల మాస్టారు అందరి ముందూ, "ఈ అమ్మాయి దగ్గర చిన్న మాటల గని ఉంది. ఆటగాళ్లందరికీ పనికొచ్చేలా అరచేతిలో పట్టే పుస్తకం అచ్చు వేద్దాం. ఒక్కో మాటకి ఒక్క లైను, అంతే. ఫైనల్ రోజు పంచుదాం. కూర్పు మీదే," అన్నారు. మునగచెట్టు ఎక్కించారని తెలుస్తూనే ఉంది. అయినా ఎక్కి కూర్చున్నాను.

మామయ్యకి చెప్తే సంతోషించారు. తన మాటలు మళ్లీ అచ్చులోకి వెళ్తున్నాయంటే ఆయనకి ఉండదా మరి. కాసేపు ఆగి, "ప్రెస్సుకి నోటుబుక్కు ఇవ్వకు. వేరే కాగితాల మీద ఎత్తి రాసిన కాపీ ఇవ్వు. ప్రూఫు ఓకే అయిపోయాక ప్రెస్సులో కాపీకి, అంటే మనమిచ్చిన రాతప్రతికి, దిక్కూ మొక్కూ ఉండదు," అన్నారు.

"అలాగే మామయ్యా," అన్నాను. అబద్ధమాడాలని అనలేదు. నలభై ఒక్క మాటలు ఎత్తి రాశాను కూడా. ల్యాబులో చీటీలు రాసి వచ్చిన చేత్తో మళ్లీ ఇవి రాయాలంటే వేళ్లు పీకాయి. గడువు మూడు రోజుల్లోకి వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఇది: ఎర్ర పెన్సిలు తీసుకుని, నోటుబుక్కులోనే ఆమె వాక్యాలన్నిటి మీదా ఒక్కో గీత గీశాను. టైపు చేసేవాళ్లు పొరబాటున అవి కూడా కొట్టకుండా ఉండాలని. మూడొందల పన్నెండు గీతలు గియ్యడానికి ఒక్క గంట పట్టింది. గీసి, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, మామయ్యతో చెప్పకుండా ప్రెస్సుకి వెళ్లాను.

ప్రెస్సులో సీసపు అక్షరాలెప్పుడో పోయాయి. ముగ్గురు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ నోటుబుక్కు తిరగేసి, "కుట్టు విప్పాలండీ. తలా కాసిని పేజీలు పంచుకుంటే గానీ టయానికి అవదు," అంది.

"విప్పండి. మళ్లీ కుట్టించుకుంటాను."

ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగి పెదవుల్లోనే నవ్వుకుంది. "ఈ కొట్టేసినవి భలే ఉన్నాయండీ. ఉంచకూడదా?"

"ఒక్కో మాటకి ఒక్క లైనే," అన్నాను.

సెమీఫైనల్‌కి రెండు రోజుల ముందు ల్యాబుకి ఫోనొచ్చింది. ఆవిడే. ప్రూఫు ఓకే అయిందనీ, కాపీ తీసుకెళ్తారా అనీ అడిగింది. అప్పటికి నా ముందు అరవై సీసాలున్నాయి, ఇంకో చెవిలో డాక్టరు కేకేస్తున్నాడు. ఇవి కాక మనసులో ఒకటే తలపోత, సెమీఫైనల్లో ఎవరు తగులుతారా అని.

"తర్వాత వస్తానండీ," అన్నాను.

"వారం దాటితే చిత్తు బస్తాలో వేసేస్తాం," అంది.

"సరే సరే," అని ఫోన్ పెట్టేశాను. అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. ఆ రోజు ఒక్క సీసా కూడా తారుమారు కాలేదని సాయంత్రం డాక్టరు మెచ్చుకున్నాడు.

ఫైనల్ రోజు జోరున వాన. అయినా లైబ్రరీ మేడ కిక్కిరిసింది. మా ఆయన బస్సు డిపోలో షిఫ్టు మార్చుకుని, గ్రీజు మరకల చొక్కాతోనే వచ్చి కూర్చున్నారు. పక్కన మామయ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నా ఎదురుగా మళ్లీ మందుల కొట్టాయనే. తాడో పేడో తేలాల్సిన ఆఖరి ఎత్తులో నా చేతిలో రెండు బిళ్లలు, మూలన రెండు గళ్లు. "దొన" అని పెట్టాను.

"అర్థం?" అన్నాడాయన.

లేచి నిలబడ్డాను. "కొండ మీద రాతిలో నీళ్లు నిలిచే గుంట."

చెప్తూ రెండో వరసలోకి చూశాను. మామయ్య పెదవులు కదులుతున్నాయి. నాతో పాటు అర్థం చెప్తున్నారనుకుని మురిసిపోయాను. ఆయన పెదవులు నేను చెప్పడం అయిపోయాక కూడా కదులుతూనే ఉన్నాయి. స్నానాలగది, మేస్త్రీ, చేపలూ గుర్తు చేసుకుంటున్నారని తర్వాత గానీ నాకు తట్టలేదు.

ఈల మోగింది. కప్పు ఇచ్చారు, పుస్తకాలు పంచారు. అట్ట మీద "కూర్పు" అని నా పేరు ఉంది. లోపల ఎక్కడా మామయ్య పేరు లేదు. వెయ్యాలని నాకు తోచనే లేదు, ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా తప్పు తగ్గదు. మొదటి పుస్తకం తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, అలవాటు కొద్దీ వేలు పెట్టి వరస వెంట వరస చూశారు. "తొమ్మిదో పేజీలో రెండు మాటలు అటూ ఇటూ అయ్యాయి," అన్నారు. తర్వాత పుస్తకం మూసి, "కాపీ ఏదమ్మా?" అన్నారు.

"ప్రెస్సులో ఉంది మామయ్యా. రేపు తెస్తాను."

"నోటుబుక్కే ఇచ్చావా?"

తలూపాను.

"ప్రూఫు ఓకే అయి ఎన్నాళ్లైంది?"

"రెండు వారాలు."

ఆయన ఆ చిన్న పుస్తకాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు. "వాన ఇంకా పెరిగేలా ఉంది. బయల్దేరదాం పద," అన్నారు. నలభై ఏళ్లలో ఎందరి కాపీలో తన చేత్తో చిత్తు బస్తాలో వేసిన మనిషి. రేపు నాకు అక్కడ ఏం దొరుకుతుందో ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

మర్నాడు పనికి నాగా పెట్టి ప్రెస్సుకి పరిగెత్తాను. టైపు చేసే పెద్దావిడ నన్ను చూడగానే లేచింది. "ఫోన్లో చెప్పాను కదండీ," అంది, తనే తప్పు చేసినట్టు. చిత్తు బస్తాలు వెళ్లే గోడౌనుకి దారి కూడా ఆవిడే చూపించింది. గోడౌనులో కాగితాల గుట్టలు నా ఎత్తున ఉన్నాయి. అక్కడి కాపలా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ప్రెస్సు సరుకు శనివారమే లారీ ఎక్కిందమ్మా. ఇప్పటికి అట్టల ఫ్యాక్టరీలో గుజ్జైపోయి ఉంటుంది." అయినా నేను చీకటి పడేదాకా గుట్టలు కెలికాను. ఎవరివో పెళ్లిపిలుపులూ, ఎవరివో పరీక్ష పేపర్లూ దొరికాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఇంటికొచ్చి, తడిసిన బట్టలతోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎర్ర గీతల సంగతి కూడా చెప్పాను. మామయ్య లేచి నాకు పొడి తువ్వాలు అందించారు. "నాదీ తప్పే. ప్రెస్సులో బతికినవాణ్ణి, రెండో కాపీ తీసి పెట్టుకోవద్దూ," అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లయితే పడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఎక్కడో ఒకచోట అయిపోయేది.

అప్పుడు మా ఆయన అందుకున్నారు. "అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఫొటోలో మొహం లేదు. గొంతు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. సెలవు రోజుల్లో అప్పుడప్పుడు ఆ నోటుబుక్కు తీసి చదువుకునేవాణ్ణి. అమ్మ ఎలా మాట్లాడేదో దాంట్లోనే ఉండేది."

పెళ్లై అన్నేళ్లైనా ఆయన దాన్ని చదువుతారని నాకు తెలియదు.

నేను మళ్లీ ఆటకి వెళ్లలేదు. కొత్త నోటుబుక్కు కొని, నాకు గుర్తున్న ఆమె వాక్యాలు రాద్దామని కూర్చున్నాను. మూడొందల పన్నెండు మాటలూ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను, నిద్రలో లేపి అడిగినా అర్థాలు చెప్పగలను. వాక్యాలు ఆరు వచ్చాయి. ఏడోది ఎంత తన్నుకున్నా రాలేదు. నేను ముందుగా ఎత్తి రాసుకున్న నలభై ఒకటిలోనూ మాటా అర్థమే ఉన్నాయి.

రెండు ఆదివారాలు పోయాక మామయ్య తనంతట తనే వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "రాసుకో. నేను చెప్తాను," అన్నారు.

"మీకు గుర్తున్నాయా మామయ్యా?"

"ఎందుకుండవు. విన్నవాణ్ణి నేను కదా."

కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. మాట, అర్థం, ఆమె. ఎక్కడా తడుముకోలేదు. నా గుండెల మీది బండ ఒక్కో వాక్యానికీ కాస్త కాస్త కదిలింది. మా ఆయన వంటింట్లో టీ గ్లాసులు కడుగుతూ వినేవారు. ఒకసారి ఫక్కున నవ్వి, "అమ్మ అచ్చం అలాగే అనేది నాన్నా," అన్నారు. నేను ఆ ఆదివారం ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాను. అలా మూడు ఆదివారాలు. ఎనభై రెండు వాక్యాలయ్యాయి.

నాలుగో ఆదివారం పొద్దుటి నుంచీ తెరిపి లేదు. మామయ్య కళ్లు మూసుకుని ఎనభై మూడోది అందుకున్నారు.

"జడి. విడవకుండా కురిసే వాన. ఆమె: ఈ జడిలో కోడలు ల్యాబు నుంచి ఎలా వస్తుందో ఏమో, గొడుగు తీసుకుని మీరు ఎదురెళ్లండి."

నా పెన్ను ఆగిపోయింది. నేను కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తయ్య పోయి ఇరవై ఏళ్లు. నేను ఏ ల్యాబులో పనిచేస్తానో, అసలు నేనంటూ ఒకదాన్ని పుట్టానో లేదో ఆవిడకి తెలియదు. వెనక్కి పేజీలు తిప్పబోయి మానేశాను. తిప్పి ఏం చూడను, ఈ ఎనభై రెండూ ఆయన కట్టినవే. నేను అన్నం మానేసి తిరుగుతున్నానని, కొడుకు మాట తగ్గించేశాడని, ఆ ముసలాయన వారమంతా కూర్చుని ఆవిడ తరఫున వాక్యాలు అల్లి తెస్తున్నారు. అత్తయ్య నిజంగా అన్న మాటలు ఆరంటే ఆరు.

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. మా ఆయన తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయనా విన్నారు. నా వంక చూశారు, తండ్రి వంక చూశారు.

"రాశావా అమ్మా?" అన్నారు మామయ్య, కళ్లు తెరవకుండా.

"'ఎదురెళ్లండి' దాకా రాశాను మామయ్యా."

మా ఆయన వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చున్నారు. "చెప్పు నాన్నా," అన్నారు మెల్లగా. "తర్వాత అమ్మ ఏమంది?"